యంత్రమే బడిగా ఎదిగిన మనిషి – జి.డి. నాయుడు

మోటారు బండి నడిదారిలో ఆగిపోవడానికి కారణాలు అనేకం. పెట్రోలు అయిపోయిన బండి దగ్గి దగ్గి ఆగుతుంది. చక్రం పగిలిన బండి పెద్ద చప్పుడుతో ఆ సంగతి చాటుతుంది. విద్యుత్తు పోయిన బండి మాత్రం ఉన్నట్టుండి మూగబోతుంది. దీపాలు ఆరిపోతాయి, హారను పలకదు, సెల్ఫ్ తిరగదు. చుట్టూ చేరిన నలుగురూ నాలుగు విధాలుగా చెబుతారు. బ్యాటరీ పోయిందని ఒకరు, డైనమో కాలిందని మరొకరు, అసలీ బండినే అమ్మివేయడం మేలని ఇంకొకరు. ఈ ఊహాగానాల నడుమ నిదానంగా బానెట్టు ఎత్తి, విద్యుత్తు పుట్టిన చోటినుండి మొదలుపెట్టి, ఒక్కొక్క కీలును పరీక్షిస్తూ ముందుకు సాగే మనిషి ఎవడో వాడే ఆ బండిని ఇల్లు చేర్చగలడు.

ఈ ఓర్పు, ఈ క్రమము నేర్పే విద్యకు కళాశాలలలో చాలాకాలం స్థానం లేదు. అట్టి విద్యను బడికి దూరంగా తన చేతులతో తానే సంపాదించుకొని, దానికి కళాశాలలో పీట వేయించాలని పోరాడిన ఒక తెలుగు బిడ్డ కథ మన విద్యార్థులు తెలిసికొనదగినది. ఆయనే కోయంబత్తూరుకు చెందిన జి.డి. నాయుడుగారు.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపాన కలంగల్ అను గ్రామంలో జన్మించారు. విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగునేల విడిచి దక్షిణానికి తరలిపోయి, తమిళదేశంలో సేద్యం చేసికొంటూ స్థిరపడిన కుటుంబాలు ఆ కొంగుసీమలో ఎన్నో కలవు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం వారికి సహజం. అట్టి ఇంట పుట్టిన ఈ బాలునికి బడి ఏమాత్రం రుచించలేదు. పలకా బలపాలతో ఆయన స్నేహం మూడవ తరగతితోనే ముగిసింది. ఆ తరువాత పొలం పని.

ఆ పల్లెకు ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలుపై వచ్చాడు. అది రడ్జ్ కంపెనీ వారి బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు. తనంతట తానే పరుగెత్తే ఆ వాహనాన్ని చూచి ఊరంతా ఆశ్చర్యపోయి ఉంటుంది. ఊరివారి ఆశ్చర్యం ఆ సాయంత్రంతో ముగిసినా, నాయుడుగారిలో అది ఒక పట్టుదలగా మారింది. కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, రూపాయి రూపాయి కూడబెట్టి, 300 రూపాయలు చేతికి రాగానే ఆ మోటారు సైకిలునే కొన్నారు. కొన్న బండిపై ఊరేగడం ఆయన ఉద్దేశం కాదు. దానిని మరకు మర విప్పి, భాగాలన్నీ నేలపై పరచి, మరల బిగించి నడిపించారు. అది ఆయన మొదటి పాఠశాల. ఆ పాఠశాలనుండి ఆయన మెకానిక్‌గా వెలుపలికి వచ్చారు.

యంత్రాన్ని విప్పడం ఎవరికైనా సాధ్యమే. విప్పినదానిని మరల బిగించేవాడికి ప్రతి భాగమూ ఎందుకున్నదో, దేనితో దేనికి సంబంధమో తెలిసి తీరాలి. ఒక తీగ ఎక్కడినుండి బయలుదేరి ఎక్కడికి పోతున్నదో తెలియని వానికి, ఆ తీగ తెగినప్పుడు వెతకవలసిన చోటు తెలియదు. దోషాన్ని కనిపెట్టే విద్యకు ఇదే ఓనమాలు.

మొదటి ప్రపంచ సంగ్రామ కాలంలో నాయుడుగారు ప్రత్తి వ్యాపారంలో దిగి కొంత సంపాదించారు. సంపాదించినది బొంబాయి వ్యాపారంలో పోగొట్టుకొన్నారు. పోయిన ధనాన్ని తలచుకొంటూ కూర్చొనక, తిరిగి తనకు తెలిసిన యంత్రం వద్దకే వచ్చారు. కోయంబత్తూరులో ప్రసిద్ధుడైన రాబర్టు స్టేన్స్ అను ఆంగ్ల పారిశ్రామికుడు ఆయనకు 4,000 రూపాయలు అప్పుగా ఇచ్చాడు. తన వద్దనున్న 4,000 రూపాయలను దానికి చేర్చి 8,000 రూపాయలతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడిపించారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీసు అను సంస్థకు మూలం. 1933 నాటికి ఆ సంస్థలో దాదాపు 280 బస్సులు ఉండేవి. పదమూడు సంవత్సరాలలో ఒకటి 280 కావడం వ్యాపార దక్షతకు మాత్రమే గుర్తు కాదు. బస్సు వేళకు బయలుదేరి వేళకు చేరితేనే ప్రయాణికుడు మరునాడు మరల ఎక్కుతాడు. దారిలో ఆగిన బస్సు ఆనాటి ఆదాయాన్ని, మరునాటి నమ్మకాన్ని కూడ పోగొడుతుంది. కనుక బస్సులు నడపడమంటే, ఒక విధంగా, దోషాలను త్వరగా కనిపెట్టడమే.

ఆనాటి మోటారు వాహనాలలో విద్యుత్తు కొత్తగా కుదురుకొంటున్నది. అంతకు పూర్వం ఇంజనును చేతి హ్యాండిలుతో త్రిప్పి లేపేవారు. ఇంజను ఎదురు తన్నితే త్రిప్పేవాని చేయి విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో ప్రవేశించింది. దానితో బ్యాటరీ, దానిని నింపే డైనమో, దీపాలు అన్నీ ఒకే కుటుంబంగా బండిలో చేరాయి. బ్యాటరీ మాత్రం అంతకంటె పాతది. సీసపు పలకలను గంధకామ్లంలో ముంచి విద్యుత్తును నిలువ చేయవచ్చునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లోనే నిరూపించాడు. ఈ కుటుంబం బండికి ఎంతో మేలు చేసింది. దానితోపాటు ఒక కొత్త రోగాన్ని కూడ తెచ్చింది. ఒక్క కీలు వదులైతే కుటుంబమంతా ఒక్కసారిగా మూగబోతుంది.

ఈ రోగానికి చికిత్స చేసే క్రమం నాయుడుగారి కాలంనుండి నేటివరకు మూలంలో మారలేదు. దానిని కొంచెం వివరంగా చూడడం అవసరం. ఏలయనగా ఆయన జీవితమంతా నమ్మిన విద్యాపద్ధతి ఇందులోనే ఇమిడి ఉన్నది.

మొదట అడుగవలసిన ప్రశ్న: విద్యుత్తు క్రమంగా పోయినదా, హఠాత్తుగా పోయినదా? దీపాలు కొంతసేపటినుండి మసకబారుతూ వచ్చి, చార్జింగు తెలిపే ఎర్రదీపం వెలిగి, చివరకు ఇంజను ఆగితే, బ్యాటరీని నింపే డైనమో పని చేయడం లేదని గాని, దానిని త్రిప్పే బెల్టు తెగినదని గాని గ్రహించాలి. అలాగాక దీపాలు, హారను, సెల్ఫ్ అన్నీ ఒకే క్షణంలో ఆగిపోతే, అన్నిటికీ ఉమ్మడియైన దారిలో దోషమున్నదని అర్థం. నాలుగు ఇళ్లలో ఒకేసారి దీపాలు ఆరిపోతే నలుగురి బల్బులూ ఒకేసారి మాడిపోయాయని ఎవరూ అనుకొనరు. వీధి మొదటనున్న స్తంభాన్ని చూస్తారు. బండిలో ఆ స్తంభం బ్యాటరీ. కనుక బ్యాటరీ కొసలకు బిగించిన పట్టాలు వదులైనవా, వాటిపై తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకొన్నదా, బ్యాటరీనుండి బండి శరీరానికి పోయే ఎర్తు తీగ తెగినదా, ప్రధానమైన ఫ్యూజు కాలినదా అని వరుసగా చూడాలి. హఠాత్తుగా ఆగిన బండ్లలో ఎన్నిటికో మందు ఒక స్పానరు, కొంచెం వేడినీరు, ఒక గరుకు కాగితము మాత్రమే.

అప్పటికీ దోషం దొరకనప్పుడు టెస్టు లాంపు సాయపడుతుంది. ఒక చిన్న బల్బుకు రెండు తీగలు; ఒక తీగ కొసను బండి ఇనుముకు తగిలించి, రెండవ కొసను బ్యాటరీ వద్ద మొదలుపెట్టి విద్యుత్తు పోయే దారి వెంట ఒక్కొక్క కీలుకు తాకిస్తూ పోవాలి. బల్బు వెలిగినంతవరకు దారి సవ్యంగా ఉన్నట్లే. వెలిగిన చివరి చోటికి, వెలుగని మొదటి చోటికి మధ్యనే దోషం దాగి ఉంటుంది. ఇందులో ఊహకు తావు లేదు. మధ్యలో ఒక మెట్టు దాటవేసినవాడు తిరిగి మొదటికి రావలసిందే.

డైనమో విషయంలో మన గూడూరు వారికి ప్రత్యేకంగా తెలియదగిన సంగతి ఒకటి కలదు. డైనమోలో తిరిగే ఆర్మేచరు కొసన కమ్యుటేటరు అను రాగి వలయం ఉంటుంది. అది ఒకే రాగి ముక్క కాదు. అనేక రాగి పలకలను పక్కపక్కన పేర్చి, విద్యుత్తు ఒకదానినుండి మరొకదానికి దూకకుండ నడుమ పలుచని అభ్రకపు పొరలను ఉంచుతారు. మనం మైకా అని పిలుచుకొనే ఈ అభ్రకం వేడికి చెదరదు, విద్యుత్తును దాటనీయదు. గూడూరు, సైదాపురం పరిసరాల గనులలో తవ్విన అభ్రకం ఒకప్పుడు మద్రాసు రేవు మీదుగా విదేశాల విద్యుత్ పరిశ్రమలకు ఎగుమతి అయ్యేది. బొగ్గు బ్రష్షుల రాపిడికి రాగి అరిగిపోతుంది. గట్టిదైన అభ్రకం అంతగా అరగదు. కొంతకాలానికి అభ్రకపు అంచులు రాగికంటె పైకి తేలి, బ్రష్షులను రాగికి ఆననీయక ఎత్తి పడతాయి. డైనమో తిరుగుతూనే ఉంటుంది, విద్యుత్తు మాత్రం రాదు. అనుభవం లేనివాడు కొత్త డైనమో కొనిపిస్తాడు. తెలిసినవాడు సన్నని రంపపు ముక్కతో ఆ అభ్రకపు అంచులను రాగికంటె కొంచెం దిగువకు గీకి, వలయాన్ని శుభ్రపరచి బిగిస్తాడు. 1960 తరువాత కార్లలో డైనమోలకు బదులు ఆల్టర్నేటర్లు వచ్చాయి. వాటిలో ఈ కమ్యుటేటరు లేదు. డైనమో కాలపు అలవాటుతో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పి పరీక్షించడం ఆల్టర్నేటరుకు ప్రమాదకరం. దానిలోని డయోడ్లు మాడిపోతాయి. పరికరం మారినప్పుడు పాత అలవాటును మార్చుకొనడం కూడ విద్యలో భాగమే.

ఇంతవరకు చెప్పినది చేతి విద్య. దీనికి పుస్తక విద్య అవసరం లేదని కొందరు తలపవచ్చు. ఒక ఉదాహరణ చూడండి. దీపాలు చక్కగా వెలుగుతున్నవి, కాని సెల్ఫ్ కొడితే ఇంజను కదలదు. దీపాలు వెలుగుతున్నాయి గనుక బ్యాటరీ, తీగలు బాగున్నాయని తీర్మానించడం సులభం. జర్మనీలో జార్జి ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం తెలిసినవాడు అట్లు తొందరపడడు. ఉప్పు పట్టిన ఒక కీలులో ఓములో ఇరవయ్యవ వంతు, అనగా 0.05 ఓము నిరోధమున్నదనుకొందాం. దీపాలు 4 ఆంపియర్లు మాత్రమే తీసికొంటే ఆ కీలువద్ద పోయేది 0.2 వోల్టు, కంటికి తెలియదు. స్టార్టరు 200 ఆంపియర్లు కోరితే అదే కీలువద్ద 10 వోల్టులు పోతాయి. 12 వోల్టుల బ్యాటరీలో ఇక మిగిలేది రెండు. ఒకే దోషం చిన్న పనికి అడ్డురాదు, పెద్ద పనికి అడ్డుపడుతుంది. ఈ లెక్క తెలియనివాడు మంచి స్టార్టరును పారవేయిస్తాడు. ఈ లెక్క తెలిసీ స్పానరు పట్టడం రానివాడు బండి పక్కన నిలబడి ఉపన్యాసం చెబుతాడు. బండి కదలడానికి ఇద్దరూ ఒకే మనిషిలో ఉండాలి.

నాయుడుగారు అట్టి మనిషి కావడానికి ప్రయత్నించారు. బస్సులతో ఆగక యంత్ర నిర్మాణంలోకి దిగారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కోయంబత్తూరు శివారులోని పీలమేడులో విద్యుత్ మోటారును తయారు చేయించారు. భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొంటారు. దిగుమతి సరుకుపైనే ఆధారపడిన ఆ రోజులలో ఇది సామాన్యమైన సాహసం కాదు. తరువాత కోయంబత్తూరు పట్టణం మోటార్లకు, పంపుసెట్లకు దేశంలో పేరుపడడానికి ఈ ప్రయత్నం బాట వేసింది. చిన్న మోటారుతో నడిచే విద్యుత్ క్షౌరయంత్రం, కిరోసినుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి తావీయని ఓట్ల నమోదు యంత్రం మొదలైనవి ఆయన కల్పనలలో కొన్ని. 1952లో 2,000 రూపాయలకు లభించే ఇద్దరు కూర్చొనే చిన్న కారును రూపొందించారు. ప్రభుత్వ అనుమతి లభించనందున అది కర్మాగారం దాటి వీధిలోకి రాలేదు.

ఆయన జీవితంలో అన్నిటికంటె గంభీరమైన ఘట్టం విద్యారంగానికి సంబంధించినది. మూడవ తరగతితో బడి మానిన వ్యక్తి, 1945లో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్‌ను, ఒక ఇంజనీరింగు కళాశాలను వెలయించడానికి కారకుడయ్యారు. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో అవి ఆరంభమయ్యాయి. నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధి పొందిన సంస్థకు అదే పునాది. ఇంజనీరింగు విద్యకు నాలుగు సంవత్సరాలు వెచ్చించడం కాలహరణమని, చేతితో పని చేయిస్తూ నేర్పితే రెండు సంవత్సరాలు చాలునని నాయుడుగారి వాదం. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. ఆయన రాజీపడక ఆ సంస్థనుండి తప్పుకొన్నారు.

ఈ వివాదంలో ఎవరిది న్యాయం? ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ ప్రశ్న తప్పించుకొనదగినది కాదు. రెండేళ్లలో ఓమ్ సూత్రాన్ని కంఠస్థం చేయించవచ్చు. దానిని కొత్త సమస్యకు అన్వయించే శక్తి రావడానికి, గణితం ఒంటబట్టడానికి ఎక్కువ కాలమే పడుతుంది. ప్రభుత్వ నిర్ణయంలో ఈ మాత్రం సత్యం ఉన్నదని ఒప్పుకొనాలి. కాని నాయుడుగారు చూపిన దోషం వేరొకచోట ఉన్నది. వారు మన విద్యా విధానానికి టెస్టు లాంపు పెట్టి చూచారనవచ్చు. పాఠ్యపుస్తకం వద్ద దీపం వెలిగింది. పరీక్షాపత్రం వద్ద కూడ వెలిగింది. పట్టా పుచ్చుకొన్న యువకుని చేతివద్దకు వచ్చేసరికి వెలుగలేదు. తీగ తెగిన చోటు ఆ రెంటి నడుమ అని వారు గుర్తించారు. సంవత్సరాల లెక్కలో వారితో భేదించేవారు కూడ ఆ గుర్తింపును కాదనలేరు. వారు తప్పుకొన్న తరువాత ఇన్ని దశాబ్దాలు గడిచినా, పట్టా చేతబట్టుకొని పని రాక తిరిగే యువకులు మన పట్టణాలలో తరగలేదు.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరులో వారి పేర వెలసిన సంస్థలు యంత్ర విజ్ఞానాన్ని ప్రజలకు ప్రదర్శిస్తూ వచ్చాయి. 2015లో అక్కడ పురాతన కార్ల ప్రదర్శనశాల ఒకటి ప్రారంభమైనది. 2025 అక్టోబరులో ఆ నగరపు అవినాశి రోడ్డుపై పది కిలోమీటర్ల పొడవున నిర్మించిన పైవంతెనకు వారి పేరు పెట్టారు. ఒకే ఒక బస్సుతో దారి పట్టిన మనిషికి దారియే స్మారకం కావడం తగిన గౌరవం.

విద్యార్థులారా! మన గూడూరు మద్రాసు, కలకత్తాలను కలిపే పెద్ద రోడ్డుపై ఉన్నది. ఆ రోడ్డు పొడవునా మోటారు షెడ్లు ఉన్నాయి. ఉస్తాదు అని పిలువబడే పెద్ద మేస్త్రీ వద్ద, నూనె మరకల చొక్కాలతో, మన బంధువుల పిల్లలే ఎందరో పని నేర్చుకొన్నారు. చదువుకొన్నవారు ఆ షెడ్డును చిన్నచూపు చూడడం, షెడ్డులోనివారు కళాశాల తమది కాదని అనుకొనడం రెండూ పొరపాట్లే. సెలవులలో నెల రోజులు ఒక ఉస్తాదు చెంత కూర్చున్న భౌతికశాస్త్ర విద్యార్థి, తాను పుస్తకంలో చదివిన విద్యుత్తు ఎట్లు ప్రవహిస్తున్నదో కళ్లారా చూడగలడు. ఆ ఉస్తాదుకు ఓమ్ సూత్రాన్ని తన మాటలలో వివరించగలిగితే, తాను దానిని నిజంగా నేర్చుకొన్నాడో లేదో కూడ తెలిసికొనగలడు.

కళాశాల పాలకవర్గం వారికి సైతం ఒక విన్నపం. ఒక పాత బ్యాటరీ, ఒక డైనమో, ఒక వోల్టు మీటరు, కొన్ని తీగలు మన ప్రయోగశాలలో ఉంచడానికి పెద్ద ధనం అవసరం లేదు. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుందని, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్లేనని, ఇంజను నడిచేటప్పుడు 14కు అటూఇటుగా ఉండాలని విద్యార్థి తన చేతితో కొలిచి తెలిసికొనాలి. బ్యాటరీ దగ్గరకు నిప్పు తీసికొనిపోరాదని, అది విడిచే హైడ్రోజను పేలగలదని, కాలిన ఫ్యూజుకు బదులు లావు తీగ కడితే బండియే కాలిపోగలదని ఒకసారి చేసి నేర్చినవాడు జీవితాంతం మరువడు.

నాయుడుగారి వలె ప్రతివారూ యంత్ర నిర్మాతలు కానక్కరలేదు. వారి క్రమాన్ని మాత్రం ఎవరైనా అలవరచుకొనవచ్చు. కారులో గాని, కుటుంబంలో గాని, పరీక్షలో గాని పని హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఎవరినీ నిందింపక, దేనినీ తొందరపడి పారవేయక, మూలం వద్ద మొదలుపెట్టి మెట్టు మెట్టుగా చూచుకొంటూ రావాలి. దీపం వెలుగని చోటు తప్పక దొరుకుతుంది. దొరికిన తరువాత చేయవలసిన పని చాలాసార్లు ఒక మరను బిగించడమే.